ఒక లాట్, నాలుగు కాటాలు: రొయ్యల షెడ్డు ప్రోగ్రాంలో తప్పిపోయిన ట్రేల కేస్ స్టడీ

రైతు చేతిలోని చీటీలన్నీ కూడితే 4,318.65 కిలోలు. బిల్లు మీద 4,297.30. తేడా 21.35 కిలోలు. ట్రేల సంఖ్య మాత్రం రెండింట్లోనూ 204. కిలో 300 రూపాయలనుకుంటే ఈ తేడా 6,405 రూపాయలు. "ఏందన్నా, చీటీలు కూడితే ఒక లెక్క, బిల్లులో ఇంకో లెక్క ఉండాది?" అని రైతు అడిగితే కౌంటర్లో ఉన్నవాళ్ల దగ్గర జవాబు లేదు. ఇలాంటి ఫిర్యాదులు వరసగా వచ్చాక ప్రోగ్రాంను విప్పి చూడాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లా తీరంలోని ఒక రొయ్యల కొనుగోలు షెడ్డులో వాడే తూకం ప్రోగ్రాం ఇది. షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. తప్పు ఎలా పుట్టింది, మొదట వేసిన రెండు మందులు ఎందుకు పనిచేయలేదు, చివరికి ఏం మార్చారు అన్నది పూర్తిగా రాస్తున్నాం. నాలుగైదు త్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి పక్కపక్కన నడిచే పనులు) ఒకే లెక్కను ముట్టుకునే ఏ ప్రోగ్రాంకైనా ఇది వర్తిస్తుంది.

షెడ్డు, ప్రోగ్రాం

ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల్లో పట్టుబడి ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున సాగుతుంది. టైగర్ రొయ్య నాటికీ 2009లో వన్నామి రకం రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాతికీ పెద్ద తేడా ఏమిటంటే, ఒకే చెరువు నుంచి ఒకే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) సరుకు టన్నుల లెక్కన ఒక్కసారిగా షెడ్డు చేరుతుంది. ఐసు కరిగేలోపు తూకం ముగియాలి. అందుకే ఒకే రైతు లాట్‌ను నాలుగు కాటాల మీదా ఒకేసారి తూస్తారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తప్పు దాక్కున్నది ఇక్కడే. పగటిపూట చిన్న రైతులు వచ్చినప్పుడు కాటాకు ఒక లాట్ చొప్పున నడిచేది. అప్పుడు ఒక్క గ్రాము తేడా వచ్చేది కాదు.

ప్రోగ్రాం జావాలో రాసినది. షెడ్డులోని ఒక్క పీసీలోనే నడుస్తుంది. ఒక్కో కాటా నుంచి ఆర్‌ఎస్-232 కేబుల్ మీద బరువు వస్తుంది. ఒక్కో కేబుల్‌ను ఒక్కో త్రెడ్ చదువుతుంది. ఇవి కాక గోడ మీది బోర్డుకు మొత్తం చూపించే త్రెడ్ ఒకటి, చీటీలు ముద్రించేది ఒకటి, పది నిమిషాలకోసారి హెడ్డాఫీసుకు వివరాలు పంపేది ఒకటి. సూపర్‌వైజర్ తెర వేరే. నిల్వ అంతా ఒక ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఇమిడే చిన్న డేటాబేస్) ఫైల్లో. అందులో ట్రేల పట్టిక, లాట్ల పట్టిక. ప్రతి లాట్‌కూ మొత్తం బరువు మూడు చోట్ల ఉండేది: ట్రేల వరసల్లో విడివిడిగా, లాట్ల పట్టికలో ఒక అంకెగా, మెమరీలో హ్యాష్‌మ్యాప్ అనే జాబితాలోని ఒక ఆబ్జెక్ట్‌లో డబుల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా. బిల్లు లాట్ల పట్టిక నుంచి, బోర్డు మెమరీ నుంచి, చీటీ ట్రే వరస నుంచి తీసుకునేవి. ఒకే లెక్కకు మూడు కాపీలు పెట్టి, మూడింటినీ ఏడెనిమిది త్రెడ్ల చేతిలో వదిలేశారు.

అనుమానాలు ఎటు పోయాయి

మొదట కాటాల మీద పోయింది. తూనికలు కొలతల ముద్ర గడువు చూశారు, 20 కిలోల తూకపురాయి పెట్టి నాలుగింటినీ సరిచూశారు, బాగానే ఉన్నాయి. తర్వాత ట్రే నుంచి కారే నీళ్ల మీద పోయింది. నీళ్లు కారితే ట్రేకు వంద గ్రాములు అటూ ఇటూ అవుతుంది గానీ, చీటీకి బిల్లుకు మధ్య తేడా రాదు, రెండూ ఒకే తూకం నుంచి పుట్టినవే. చివరికి తూకం వేసే కుర్రాళ్ల మీద పోయింది. అది అన్యాయమని ఒక్క క్వెరీతో, అంటే డేటాబేస్‌ను అడిగిన ఒక్క ప్రశ్నతో తేలింది.

ఆ క్వెరీ ఇంతే: ట్రేల పట్టికలో లాట్ వారీగా బరువులు కూడి, లాట్ల పట్టికలోని మొత్తంతో పక్కపక్కన పెట్టడం. ట్రే వరసలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటి కూడిక చీటీలతో సరిపోయింది. తప్పింది లాట్ల పట్టికలోని మొత్తం ఒక్కటే. ఇంకా ముఖ్యమైన గుర్తు, తేడా ఉన్న ప్రతి లాట్‌లోనూ ఆ తేడా అదే లాట్‌లోని ఏదో ఒక ట్రే బరువుతోనో, రెండు ట్రేల కూడికతోనో అచ్చంగా సరిపోయింది. పైన చెప్పిన లాట్‌లో మొదటి కాటా మీద తూచిన ఒక ట్రే బరువు సరిగ్గా 21.35.

ఈ రకం గుర్తులను గట్టిగా పట్టుకోవాలి. డబుల్ వాడటం వల్ల వచ్చే తేడా అయితే పైసల్లో, గ్రాముల్లో ఉంటుంది, దేనితోనూ సరిపోలదు. ఒక ట్రే మొత్తంగా పోయిందంటే అది దశాంశాల గొడవ కాదు. ఒక త్రెడ్ రాసిన దాని మీద ఇంకో త్రెడ్ పాత లెక్క తెచ్చి రాసేసింది. మరి ట్రేల సంఖ్య ఎందుకు సరిగ్గా ఉందంటే, సంఖ్యను చివర్లో ఒక్క అడుగులో పెంచేవారు. బరువును మాత్రం ముందే చదివి, మధ్యలో వేరే పని చేసి, తర్వాత రాసేవారు.

ఎలా పోయింది

పాత కోడ్‌లో కాటా త్రెడ్ చేసే పని వరస ఇది. స్థిరమైన బరువు రాగానే లాట్ ఆబ్జెక్ట్ నుంచి పాత మొత్తం చదువుతుంది. దానికి కొత్త ట్రే కూడి చేతిలో పెట్టుకుంటుంది. ట్రే వరసను డేటాబేస్‌లో చేరుస్తుంది. చేతిలోని మొత్తాన్ని మెమరీలోనూ లాట్ల పట్టికలోనూ రాస్తుంది. చీటీకి పంపుతుంది.

మెమరీలో 1,240.00 ఉందనుకోండి. ఒకటో కాటా 1,240.00 చదివి 21.35 కూడి 1,261.35 చేతిలో పెట్టుకుంది. అది రాసేలోపు మూడో కాటా కూడా 1,240.00 చదివి 20.80 కూడి 1,260.80 చేసింది. ఒకటో కాటా రాసింది, ఆ వెనకే మూడో కాటా రాసింది. మిగిలింది 1,260.80. ఉండాల్సింది 1,282.15.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కానీ ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కాటా మీద ట్రే ఎత్తి దించడానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. కూడిక జరిగేది మైక్రోసెకన్లలో. అంత నెమ్మదిగా వచ్చే తూకాలు ఒకదానితో ఒకటి ఎలా ఢీకొంటాయి? దీనికి జవాబు చెప్పుకోకుండా లాక్ పెట్టేసి ఊరుకుంటే అసలు రోగం లోపలే ఉంటుంది.

జవాబు హెడ్డాఫీసుకు పంపే త్రెడ్‌లో దొరికింది. అది ఒక ట్రాన్సాక్షన్ (అంతా కలిసి పడాల్సిన మార్పుల గుంపు) తెరిచి, పంపబోయే వరసలకు 'పంపాం' అని గుర్తు పెట్టి, ఆ ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే ఇంటర్నెట్ మీద పంపి, అవతల నుంచి సరే అన్నాక కమిట్ చేసేది, అంటే ఖాయం చేసేది. ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి ఒక్కరే రాయగలరు. సిగ్నల్ మందగించిన రాత్రి ఆ పంపకానికి నాలుగైదు సెకన్లు పట్టేది. అంతసేపూ నాలుగు కాటాల త్రెడ్లూ ట్రే వరస చేర్చడానికి వాకిట్లో నిలబడేవి, అప్పటికే చదువుకున్న పాత మొత్తం చేతిలో పెట్టుకుని. వేచి ఉండే గడువు 5 సెకన్లు. అది దాటితే 'డేటాబేస్ లాక్ అయింది' అన్న ఎర్రర్, కోడ్ దాన్ని లాగ్‌లో రాసి మొత్తం మూడుసార్ల వరకు ప్రయత్నించేది. ప్రతి ప్రయత్నంలోనూ అదే పాత మొత్తం. మైక్రోసెకన్ల సందు కాస్తా పదిహేను సెకన్ల వాకిలి అయింది. దారి తెరుచుకున్నాక ఎవరు ముందు వెళ్తారన్న వరస కూడా లేదు, ఎస్‌క్యూలైట్ అలాంటి క్యూ పాటించదు. ఆఖరున రాసినవారిదే నిలిచేది.

తప్పిపోయిన ట్రేల సమయాలను పంపకం లాగ్ పక్కన పెట్టి చూస్తే దాదాపు అన్నీ పంపకం నడుస్తున్న సమయంలోనివే. ఆఫీసులో పరీక్షించినప్పుడు ఎందుకు బయటపడలేదో కూడా దీంతో తెలిసింది. అక్కడ ఒక్క కాటా, వేగమైన నెట్, లాట్‌లో పదిహేను ట్రేలు.

మొదటి మందు: పనిచేయని తాళం

చూడగానే తోచేది సింక్రనైజ్డ్ బ్లాక్, అంటే ఒకసారికి ఒక్క త్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్. అదే పెట్టారు. లాట్ లాట్‌కూ వేరే తాళం ఉండాలని, లాట్ నంబరు మీదే లాక్ వేశారు. ఆ నంబరు రకం పెద్ద అక్షరంతో మొదలయ్యే లాంగ్, అంటే ఆబ్జెక్ట్. పరీక్షలో లాట్ 1 నుంచి 20 వరకు నడిపారు, ఒక్క ట్రే పోలేదు. షెడ్డులో పెట్టిన రాత్రే మళ్లీ పోయింది.

కారణం ఇది. జావాలో మామూలు అంకెను లాంగ్ ఆబ్జెక్ట్‌గా మార్చినప్పుడు మైనస్ 128 నుంచి 127 వరకు ముందే చేసి పెట్టిన ఆబ్జెక్ట్‌నే ఇస్తుంది. కాబట్టి 20వ లాట్ అని ఎవరు అడిగినా ఒకే ఆబ్జెక్ట్, ఒకే తాళం. 127 దాటితే ఒక్కో మార్పిడికి ఒక్కో కొత్త ఆబ్జెక్ట్ రావచ్చు. షెడ్డులో నడుస్తున్నది 1,204వ లాట్. నాలుగు త్రెడ్లూ ఒకే నంబరుకు నాలుగు వేర్వేరు తాళాలు వేసుకుని, ఎవరి గదిలో వారు ఉన్నారు. స్ట్రింగ్ మీద లాక్ వేసినా ఇదే ప్రమాదం. తాళం కోసం ప్రత్యేకంగా ఒక ఫైనల్ ఆబ్జెక్ట్ చేసుకోవాలి, దాన్ని బయటికి ఇవ్వకూడదు. విలువగా వాడే దేన్నీ తాళంగా వాడకూడదు.

ఇదే సమయంలో హ్యాష్‌మ్యాప్ సంగతీ బయటపడింది. దాని లోపలి అరే పెరుగుతున్నప్పుడు ఇంకో త్రెడ్ రాస్తే ఎంట్రీలు మాయం కావచ్చు. జావా 7, అంతకుముందు వెర్షన్లలో అయితే లోపల చుట్టు పడి త్రెడ్ అలాగే తిరుగుతూ ఉండిపోయేది. చాలా త్రెడ్లు ఒకేసారి వాడేందుకు చేసిన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌కు మార్చితే ఆ బెడద పోతుంది. కానీ 'లాట్ ఉందా? లేకపోతే చేర్చు' అని రెండు అడుగుల్లో రాస్తే అందులోనూ సందు ఉంటుంది. కంప్యూట్‌ఇఫ్ఆబ్సెంట్ అని ఒక్క అడుగులో అడగాలి.

రెండో మందు: అన్నిటినీ ఆపిన తాళం

తర్వాత సరైన ఆబ్జెక్ట్ మీద లాక్ వేసి, చదవడం నుంచి చీటీ ముద్రణ దాకా అంతా లోపల పెట్టారు. మొత్తం సరిగ్గా వచ్చింది. షెడ్డు ఆగిపోయింది.

చీటీ ప్రింటర్లో పేపర్ రోల్ అయిపోతే, ముద్రించబోతున్న త్రెడ్ లాట్ తాళం పట్టుకునే నిలబడుతుంది. ఆ లాట్ నాలుగు కాటాల మీద ఉంది గనక నాలుగూ ఆగాయి. ట్రేలు ఎత్తుకుని మనుషులు, కింద కరుగుతున్న ఐసు. రోల్ మార్చగానే కదిలేది. అది సహించగలిగినదే అనుకున్నా, రోల్ మార్చినా కదలని రాత్రి ఒకటి వచ్చింది. త్రెడ్లు ఎక్కడ ఆగాయో చూపే జేస్టాక్ తీస్తే అడుగున స్పష్టంగా రాసి ఉంది: ఒక డెడ్‌లాక్ దొరికింది అని. కాటా త్రెడ్ లాట్ తాళం పట్టుకుని ప్రింటర్ తాళం కోసం చూస్తోంది. సూపర్‌వైజర్ 'చీటీ మళ్లీ ముద్రించు' నొక్కినప్పుడు నడిచే కోడ్ ప్రింటర్ తాళం ముందు తీసుకుని, బరువు చదవడానికి లాట్ తాళం కోసం చూస్తోంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ప్రోగ్రాం మూసి తెరవడం తప్ప దారి లేదు.

తాళాలు రెండు తప్పనిసరైతే అందరూ ఒకే వరసలో తీసుకోవాలన్నది తెలిసిన నియమమే. కానీ ఇక్కడ అంతకంటే ముందు చెప్పుకోవాల్సింది, తాళం పట్టుకుని ప్రింటర్‌తో, నెట్‌తో, డిస్క్‌తో పని పెట్టుకోవద్దని. అవి ఎంతసేపు తీసుకుంటాయో మన చేతిలో లేదు.

ఈ దశలో ఇంకో సలహా వచ్చింది: అన్ని త్రెడ్లకూ కలిపి ఒకే డేటాబేస్ కనెక్షన్ ఇస్తే 'లాక్ అయింది' అన్న ఎర్రరే రాదు కదా అని. ఎర్రర్ నిజంగానే రాదు, దాని చోట అంతకంటే పెద్ద ముప్పు వస్తుంది. ట్రాన్సాక్షన్ కనెక్షన్‌కు చెందుతుంది, త్రెడ్‌కు కాదు. ఒకటో త్రెడ్ ట్రే వరస చేర్చి ఇంకా లాట్ రాయకముందే రెండో త్రెడ్ తన పని అయిందని కమిట్ కొడితే, ఒకటో త్రెడ్ సగం పని కూడా శాశ్వతమవుతుంది. తర్వాత అది రోల్‌బ్యాక్ చేద్దామన్నా వెనక్కి తీయడానికి ఏమీ ఉండదు. త్రెడ్‌కు ఒక కనెక్షన్ అన్న పాత పద్ధతే మంచిది. దాన్ని అలాగే ఉంచారు.

నిలిచిన మార్పు

మొత్తాన్ని మూడు చోట్ల దాచి వాటిని ఎలా సమం చేయాలా అని చూడటం ఆపి, ఒక్కచోటే ఎందుకు దాచకూడదని అడిగాక పని తేలికైంది. నిజం ట్రే వరసల్లో ఉంది. లాట్‌కు మహా అయితే కొన్ని వందల ట్రేలు. లాట్ నంబరు మీద ఇండెక్స్ ఉంటే వాటిని కూడటానికి మిల్లీసెకన్లు చాలు. కాబట్టి లాట్ల పట్టికలోంచి మొత్తం అన్న కాలమ్‌నే తీసేశారు. బిల్లుకైనా, బోర్డుకైనా అడిగినప్పుడల్లా ట్రేలను కూడి ఇవ్వడమే. లక్షల వరసలుంటే ఈ మాట చెప్పం, ఇక్కడ మాత్రం దాచిన మొత్తం వల్ల లాభం ఏమీ లేదు, నష్టం ఇంత ఉంది.

బరువును డబుల్ నుంచి గ్రాముల్లో పూర్ణాంకానికి మార్చారు. 21.35 కిలోలు ఇప్పుడు 21350.

తర్వాత, రాసే హక్కు ఒక్క త్రెడ్‌కే ఇచ్చారు. కాటా త్రెడ్‌కు డేటాబేస్‌తో ఇక సంబంధం లేదు. అది కేబుల్ నుంచి వచ్చే వాక్యం చదువుతుంది. ఈ కాటాలు స్థిరపడిన బరువుకు ముందు ఎస్‌టీ అని, ఊగుతున్న దానికి యూఎస్ అని పంపుతాయి. ఎస్‌టీ వచ్చినదే తీసుకుని, కాటా మళ్లీ సున్నా దగ్గరకు దిగేదాకా ఇంకో బరువు తీసుకోదు. లేకపోతే ఒకే ట్రే రెండుసార్లు పడుతుంది. ఆ బరువుకు కాటా నంబరు, ఆ కాటా వరస సంఖ్య, లాట్, గ్రాములు, సమయం కలిపి ఒక రికార్డు చేస్తుంది. రికార్డులోని అన్ని ఫీల్డులూ ఫైనల్, ఒకసారి తయారయ్యాక ఎవరూ మార్చలేరు. దాన్ని క్యూలో వేస్తుంది.

క్యూ అరేబ్లాకింగ్‌క్యూ, పరిమాణం 256. హద్దు లేని క్యూ పెట్టొద్దు. డిస్క్ ఆగిపోయినా హద్దు లేని క్యూ తూకాలు మింగుతూనే ఉంటుంది, పీసీ ఆగితే అవన్నీ పోతాయి. ఇక్కడ 2 సెకన్ల గడువుతో ఆఫర్ చేస్తారు, అంటే చోటు కోసం అంతసేపే చూస్తారు. చోటు దొరక్కపోతే కాటా పక్కన ఎర్ర లైటు, అంటే ట్రే దించవద్దని.

రాసే త్రెడ్ క్యూ నుంచి ఒక రికార్డు తీసుకుంటుంది, ఇంకా ఉంటే డ్రెయిన్‌టుతో 32 వరకు కలుపుకుంటుంది. బిగిన్ ఇమ్మీడియట్‌తో ట్రాన్సాక్షన్ తెరుస్తుంది. ఇమ్మీడియట్ అన్న మాట ముఖ్యం. అది లేకుండా మామూలు బిగిన్‌తో మొదలుపెట్టి, ముందు చదివి తర్వాత రాయబోతే, మధ్యలో ఇంకొకరు రాసి ఉన్నప్పుడు వాల్ మోడ్‌లో (మార్పులను ముందు పక్క ఫైల్లో రాసే పద్ధతి, కింద వివరించాం) ఎంత గడువు పెట్టినా ఆగకుండా వెంటనే ఎర్రర్ వస్తుంది. చదివిన చిత్రం పాతబడిపోయింది గనక వేచి ఉండి లాభం లేదు. రాయబోతున్నామని ముందే చెప్పి తలుపు తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ట్రేల పట్టికలో కాటా నంబరు, వరస సంఖ్య జంటకు యునీక్ (ఒక్కసారే ఉండాలన్న) నిబంధన పెట్టారు. చేర్చేటప్పుడు అదే జంట ముందే ఉంటే ఏమీ చేయకు అని రాస్తారు. ఎస్‌క్యూలైట్ 3.24 నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ అని నేరుగా రాయవచ్చు. దీనివల్ల కమిట్ జరిగిందో లేదో తెలియని సందర్భంలో ఆ గుంపునంతా నిర్భయంగా మళ్లీ ప్రయత్నించవచ్చు, ట్రే రెండుసార్లు పడదు.

కమిట్ అయిన తర్వాతే మిగతావన్నీ: కాటా దగ్గర పచ్చ లైటు, ప్రింటర్ క్యూకు చీటీ, బోర్డుకు కొత్త మొత్తం. ఈ వరస తిరగబడకూడదు. చీటీ అంటే రైతుకు ఇచ్చిన మాట. డిస్క్ మీద లేనిదానికి చీటీ ఇవ్వకూడదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, పచ్చ లైటు పడని ట్రేలను మళ్లీ తూయాలి, అంతే. ఏ ట్రే లెక్కలో ఉందో లేదో అన్న వాదనకు చోటు లేదు.

బోర్డు త్రెడ్‌కు మార్చలేని ఒక చిన్న మ్యాప్ (లాట్ వారీ మొత్తాల జాబితా) ఇస్తారు. రాసే త్రెడ్ ప్రతి కమిట్ తర్వాత కొత్త మ్యాప్ చేసి, వోలటైల్ రిఫరెన్స్‌ను దానికి తిప్పుతుంది. వోలటైల్ లేకపోతే ఒక త్రెడ్ రాసినది ఇంకో త్రెడ్‌కు ఎప్పుడు కనపడుతుందో జావా ఏ హామీ ఇవ్వదు. పాత కోడ్‌లో బోర్డు ఒక్కోసారి వెనకబడి ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

లాట్ ముగింపు, రద్దు

తేలిగ్గా మర్చిపోయేది ఇది. సూపర్‌వైజర్ 'లాట్ ముగించు' నొక్కే సమయానికి క్యూలో ఇంకా రెండు ట్రేలు ఉండవచ్చు. పాత కోడ్ నేరుగా పట్టికలో ముగిసిందని రాసి బిల్లు తీసేది. ఇప్పుడు ముగింపు కూడా అదే క్యూలో ఒక సందేశంగా వెళ్తుంది. క్యూలో ముందున్న ట్రేలు ముందు పడతాయి, ముగింపు తర్వాత అదే లాట్‌కు వచ్చిన ట్రేకు ఎర్ర లైటు వెలుగుతుంది. బిల్లు ముగింపు కమిట్ అయ్యాకే.

తప్పుగా తూచిన ట్రేను చెరపడం లేదు, మార్చడం లేదు. అదే బరువు మైనస్‌లో, ఏ ట్రేకు రద్దో ఆ నంబరుతో, ఇంకో వరస చేరుస్తారు. రద్దు నంబరు మీదా యునీక్ నిబంధన ఉంది గనక ఇద్దరు సూపర్‌వైజర్లు ఒకేసారి నొక్కినా ఒక్కసారే తగ్గుతుంది. రైతు అడిగితే ఎందుకు తగ్గిందో చూపించడానికి కాగితం ఉంటుంది.

హెడ్డాఫీసు పంపకం

పంపే త్రెడ్ ఆఖరుగా పంపిన నంబరు తర్వాతి 200 వరసలు చదివి, ట్రాన్సాక్షన్ మూసేసి, ఆ తర్వాతే నెట్ వైపు తిరుగుతుంది. అవతల సరే అన్నాక 'ఇంతవరకు పంపాం' అన్న సందేశాన్ని రాసే త్రెడ్ క్యూలో వేస్తుంది. సరే అన్న జవాబు దారిలో పోతే అవే 200 మళ్లీ వెళ్తాయి. అందుకే అవతలి సర్వర్లో కూడా షెడ్డు నంబరు, కాటా, వరస సంఖ్య కలిపి యునీక్ ఉండాలి. అక్కడ పోస్ట్‌గ్రెస్ ఉన్నా మైఎస్‌క్యూఎల్ ఉన్నా, మొత్తాన్ని ప్రోగ్రాంలోకి చదివి కూడి తిరిగి రాస్తే ఇదే తప్పు అక్కడా పుడుతుంది. రిపీటబుల్ రీడ్ అనే ట్రాన్సాక్షన్ స్థాయిలో పోస్ట్‌గ్రెస్ రెండోవాడిని ఎర్రర్‌తో ఆపుతుంది, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ ఆపదు. అక్కడ మొత్తం దాచాల్సి వస్తే 'ఉన్నదానికి ఇంత కలుపు' అని డేటాబేస్‌నే కూడమనాలి.

సెట్టింగులు, వాటి చిక్కులు

జర్నల్ మోడ్‌ను వాల్‌కు మార్చారు. దీంతో చదివేవాళ్లు రాసేవాడిని ఆపరు, రాసేవాడు చదివేవాళ్లను ఆపడు. వాల్ మోడ్ ఒకసారి పెడితే ఫైల్లోనే నిలిచిపోతుంది. బిజీ టైమౌట్ (లాక్ కోసం వేచి ఉండే గడువు), సింక్రనస్ (డిస్క్ మీద పడేదాకా ఎంత గట్టిగా ఆగాలన్నది) మాత్రం కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ పెట్టాలి. ఒక కనెక్షన్‌లో పెట్టి అన్నిటికీ వర్తిస్తుందనుకోవడం తరచూ కనిపించే పొరపాటు. సింక్రనస్‌ను ఫుల్‌లో ఉంచారు. వాల్ మోడ్‌లో నార్మల్ పెడితే ఫైలు చెడదు గానీ, కరెంటు పోయినప్పుడు ఆఖరి కమిట్లు కొన్ని వెనక్కి పోవచ్చు. పచ్చ లైటు వెలిగాక ట్రే పోవడం ఇక్కడ ఒప్పుకోలేం.

పెట్టిన వారంలోనే వాల్ ఫైల్ పెరిగిపోతూ కనిపించింది. మామూలుగా 1,000 పేజీలు దాటగానే ఎస్‌క్యూలైట్ దాన్ని అసలు ఫైల్లోకి దించుతుంది. ఎవరైనా చదువుతూ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంచితే మాత్రం వాల్ ఫైల్‌ను మొదటి నుంచి తిరిగి వాడుకోలేదు. సూపర్‌వైజర్ తెరలో ఒక రిజల్ట్‌సెట్ (క్వెరీకి వచ్చిన జవాబు) మూయకుండా వదిలేశారు. మూయగానే సరిపోయింది.

ఇంకో జాగ్రత్త. ఆఫీసు గదిలోని పీసీ నుంచి చూసుకోవడానికి వీలుగా డేటాబేస్ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెడదామనిపిస్తుంది. పెట్టకండి. వాల్ మోడ్‌కు అందరూ ఒకే మెషీన్ మీద ఉండాలి, షేర్డ్ మెమరీ వాడుతుంది గనక. ఆఫీసు పీసీకి ప్రోగ్రాం నుంచే రిపోర్టు ఇవ్వాలి.

పరీక్ష

కేబుల్ స్థానంలో నకిలీ కాటాలు నాలుగు. ఒక్కోటి ఒకే లాట్‌కు 20.00 కిలోలు వెయ్యిసార్లు పంపుతుంది. నాలుగూ ఒకే క్షణంలో మొదలయ్యేలా కౌంట్‌డౌన్‌లాచ్. రావాల్సింది సరిగ్గా 80,000 కిలోలు. పాత కోడ్ ఎప్పుడూ తక్కువే ఇచ్చింది, ప్రతిసారీ వేరే అంకె. లాట్ నంబరు 127 కంటే పైన పెట్టి నడపాలని వేరే చెప్పనక్కర్లేదు. పంపే త్రెడ్‌లో కావాలనే 6 సెకన్ల ఆలస్యం చొప్పించి మళ్లీ నడపాలి. ఆ తర్వాత మధ్యలో ప్రాసెస్‌ను చంపడం, ప్లగ్ పీకడం, ప్రింటర్ రోల్ తీసేయడం, డిస్క్ నింపేయడం. ప్రతిసారీ చూడాల్సింది ఒక్కటే: పచ్చ లైటు పడిన ప్రతి రికార్డూ పట్టికలో ఒక్కసారి ఉందా, పట్టికలో ఉన్న ప్రతిదానికీ చీటీ బాకీ తీరిందా. ప్రోగ్రాం మళ్లీ మొదలైనప్పుడు చీటీ ముద్రించని వరసలను వెతికి ముద్రిస్తుంది.

పాత బిల్లులు

ట్రే వరసలు ఎక్కడా పోలేదు గనక ఎవరికి ఎంత బాకీయో కచ్చితంగా చెప్పవచ్చు. కాలమ్ తీసేయకముందే పాత ఫైల్ నకలు తీసి భద్రపరిచి, లాట్ వారీగా ట్రేల కూడికకూ బిల్లు మొత్తానికీ తేడా, ఆ రోజు ఆ కౌంట్ ధరతో గుణించి జాబితా తీశారు. తేడా ఎప్పుడూ రైతుకు నష్టంగానే వచ్చింది, ఎందుకంటే ఈ తప్పు బరువును పోగొట్టగలదే గానీ పెంచలేదు. జాబితాతో పాటు ప్రతి లాట్ ట్రేల వివరం ముద్రించి ఇచ్చారు, రైతు తన దగ్గరి చీటీలతో సరిచూసుకోవడానికి. సూపర్‌వైజర్ అప్పట్లో చేత్తో మొత్తం దిద్దిన లాట్లను మాత్రం ఈ క్వెరీతో తేల్చకూడదు. ఆ దిద్దుబాటు ట్రే వరసల్లో కనపడదు. వాటిని విడిగా తీసి, రైతును పిలిపించి, చీటీలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటిగా లెక్క చూడాలి.